కంట్లో పడిన గండి: ఒక జన్యువు కథ

ఈరోజు కథ ఒక ఫోటోతో మొదలవుతుంది. ఫోటో నా దగ్గర లేదు, మీ ఫోన్లోనే ఉండొచ్చు. ఇంట్లో చంటిపిల్లలది, అన్నప్రాశనప్పుడో మొదటి పుట్టినరోజప్పుడో ఫ్లాష్ వేసి తీసింది. అలాంటి ఫోటోల్లో ఒక్కోసారి కంటిపాపలు ఎర్రగా మెరుస్తాయి. అది మామూలే. కంటి వెనకపొరలో ఉన్న రక్తనాళాల మీద వెలుగు పడి తిరిగొస్తుంది కాబట్టి ఎర్రగా కనిపిస్తుంది. కానీ ఒక కన్ను ఎర్రగా, రెండో కన్ను తెల్లగా మెరిస్తే? ఆ తెల్ల మెరుపు సంగతి ఎపిసోడ్ చివర్లో మళ్లీ చెప్తాను.

ఆ తెల్ల మెరుపు వెనక ఉండే ఒక జబ్బు వల్లే, క్యాన్సర్ అంటే ఏంటన్న ప్రశ్నకి సైన్సులో ఒక పెద్ద జవాబు దొరికింది. తెగిపోయిన జన్యువుని తిరిగి పెట్టి క్యాన్సర్ కణాన్ని దారిలోకి తేవచ్చు అన్న ఆలోచన కూడా అక్కడే పరీక్షకి నిలబడింది. ఈ కథ ఆక్స్‌ఫర్డ్, హ్యూస్టన్, బోస్టన్ తిరిగి మన బందరు రోడ్డుకి వస్తుంది. కాస్త ఓపిగ్గా వినండి.

ముందు గండి సంగతి.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో ఉన్నవాళ్లకి గండి అంటే ఏంటో చెప్పక్కర్లేదు. బుడమేరు కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్ నగర్ వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. పైన వాన తెరిపిచ్చినా కింద నీళ్లు వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే ఆపాల్సిన కట్ట లేదు. గండ్లు పూడ్చాకే ఊరు ఊపిరి పీల్చుకుంది.

మన ఒంట్లో కణాలకి కూడా ఇదే లెక్క. కణం పెరగడం, రెండుగా చీలడం అవసరమే. కాలవలో నీళ్లు పారడం ఎంత అవసరమో అంత. అది హద్దు దాటితే క్యాన్సర్. హద్దు దాటడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వరద పెరగడం. అంటే కణాన్ని పెరగమని తోసే జన్యువు అదుపు తప్పడం. దాన్ని ఆంకోజీన్ అంటారు. రెండోది, కట్ట తెగడం. అంటే పెరుగుదలని ఆపే జన్యువు పాడైపోవడం. ఆ ఆపే జన్యువుకి ట్యూమర్ సప్రెసర్ జీన్ అని పేరు, కణితిని అణిచే జన్యువు అన్నమాట.

వరద వైపు కథలో ఒక తెలుగాయన ఉన్నారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఈ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. మనిషి మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోంచి తీసిన ఒక జన్యువులో డీఎన్ఏ అక్షరం ఒక్కటి మారితే చాలు, అది క్యాన్సర్ వైపు తోస్తుందని 1982లో నేచర్ పత్రికలో వచ్చిన పేపర్‌కి మొదటి రచయిత ఆయనే. అదే ఏడాది ఇంకో రెండు ల్యాబులు కూడా ఇదే సంగతి కనిపెట్టాయి. అప్పట్లో అందరి చూపూ వరద మీదే ఉండేది. కట్ట వైపు చూసినవాళ్లు తక్కువ.

ఆ కట్ట కథ మొదలైంది చంటిపిల్లల కంట్లో.

రెటినోబ్లాస్టోమా అనే జబ్బు ఉంది. కంటి వెనక ఉండే రెటీనా పొరలో వచ్చే క్యాన్సర్. దాదాపు అన్ని కేసులూ ఐదేళ్లలోపు పిల్లల్లోనే. సుమారు 15 నుంచి 20 వేల కాన్పులకి ఒక బిడ్డకి వస్తుంది. పాతకాలంలో ఇది వచ్చిన బిడ్డ బతకడం దాదాపు లేదు. 1809లో జేమ్స్ వార్‌డ్రాప్ అనే స్కాట్లండ్ సర్జన్ ఒక కఠినమైన మాట చెప్పాడు: కన్ను తొందరగా తీసేస్తే ప్రాణం దక్కొచ్చు అని. అప్పటికి మత్తుమందు కూడా లేదు. ఆ శతాబ్దంలోనే మత్తుమందు వచ్చింది, కంటి లోపలికి చూసే పరికరం వచ్చింది, మెల్లగా కొంతమంది పిల్లలు బతకడం మొదలైంది.

ఇక్కడ చరిత్రలో ఒక చిత్రమైన మలుపు. బతికిన ఆ పిల్లలు పెద్దయ్యారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, వాళ్లకి పిల్లలు పుట్టారు. ఆ పిల్లల్లో కొందరికి మళ్లీ అదే జబ్బు వచ్చింది. వైద్యం పనిచేయబట్టే, ఇది కుటుంబాల్లో తరాల వెంట నడిచే జబ్బు అని డాక్టర్లకి తెలిసింది. బిడ్డలు బతకని రోజుల్లో ఆ సంగతి బయటపడే అవకాశమే లేదు.

తర్వాత 1969. ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ హ్యారిస్, ఆయనతో పనిచేసినవాళ్లు ఎలుకల క్యాన్సర్ కణాన్ని మామూలు కణంతో కలిపి ఒక్క కణంగా చేశారు. ఏం జరగాలి? క్యాన్సర్ గెలుస్తుందని చాలామంది అనుకునేవాళ్లు. జరిగింది వేరే. కలిసిన కణంలో క్యాన్సర్ గుణం అణిగిపోయింది. అంటే మామూలు కణం దగ్గర ఏదో ఉంది, అది క్యాన్సర్ కణం దగ్గర లేదు. కట్ట ఉన్నవాడు కట్ట తెగినవాడికి అడ్డం పెట్టాడు అనుకోండి.

1971లో హ్యూస్టన్‌లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే పిల్లల డాక్టర్ పెద్ద ప్రయోగాలేమీ చేయలేదు. పాత కేసు షీట్లు ముందేసుకుని కూర్చున్నాడు. రెటినోబ్లాస్టోమా వచ్చిన 48 మంది పిల్లల వివరాలు. ఎవరికి ఒక కంట్లో, ఎవరికి రెండు కళ్లలో, ఏ వయసులో బయటపడింది అని లెక్కేశాడు. రెండు కళ్లలో వచ్చినవాళ్లకి చాలా చిన్న వయసులోనే వస్తోంది. ఒక కంట్లోనే వచ్చినవాళ్లలో కాస్త ఆలస్యంగా వస్తోంది.

ఆయన చెప్పిన కారణం ఇది. ప్రతి కణంలో ఈ కట్టలు రెండు ఉంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒకటి తెగినా రెండోది ఆపుతుంది. రెండూ తెగితేనే వరద. మామూలు బిడ్డకి ఒకే కణంలో రెండు కట్టలూ తెగాలి, అది అరుదు. కానీ కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక కట్ట తెగి పుడతారు. వాళ్లకి ఇంకొక్క దెబ్బ చాలు. అందుకే తొందరగా, అందుకే రెండు కళ్లలోనూ. దీన్నే రెండు దెబ్బల సిద్ధాంతం అంటారు. పెన్ను, కాగితం, 48 పాత ఫైళ్లు. అంతే ఆయన ల్యాబు.

మరి ఆ కట్ట ఏ జన్యువు? 1986లో బోస్టన్‌లో కంటి డాక్టర్ థాడియస్ డ్రైజా, స్టీఫెన్ ఫ్రెండ్, రాబర్ట్ వైన్‌బర్గ్ కలిసి దాన్ని పట్టుకున్నారు. 13వ క్రోమోజోమ్ మీద ఉంది. పేరు ఆర్‌బీ. మనిషిలో డీఎన్ఏ స్థాయిలో పట్టుకున్న మొట్టమొదటి ట్యూమర్ సప్రెసర్ జీన్ అదే.

కట్ట దొరికాక వచ్చే ప్రశ్న మన ఇరిగేషన్ వాళ్లు అడిగేదే: గండి పూడిస్తే వరద ఆగుతుందా?

1988లో కాలిఫోర్నియాలో వెన్-హ్వా లీ ల్యాబ్ దాన్ని చేసి చూసింది. ఆర్‌బీ పోగొట్టుకున్న క్యాన్సర్ కణాల్లోకి ఒక వైరస్ సాయంతో మంచి ఆర్‌బీ జన్యువుని పంపారు. వైరస్‌కి కణంలోకి దూరడం పుట్టుకతో వచ్చిన విద్య. దాన్ని లారీలాగా వాడి, లోపల సరుకు మార్చారన్నమాట. కణాల పెరుగుదల మందగించింది. ఎలుకల్లో కణితి కట్టే గుణం అణిగింది. తెగిన జన్యువుని తిరిగి పెడితే క్యాన్సర్ కణాన్ని వెనక్కి లాగొచ్చని గాజుపాత్రలో, ఎలుకలో చూపించారు.

ఆ తర్వాత ఆశలు ఇంకో జన్యువు మీదకి వెళ్లాయి. పేరు పీ53. దీని కథ ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. 1979లో కనిపెట్టినప్పుడు ఇది వరద వైపు జన్యువు అనుకున్నారు. పదేళ్లు అలాగే అనుకున్నారు. 1989లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో బర్ట్ వోగెల్‌స్టైన్ ల్యాబు, ఇంకొన్ని ల్యాబులు చూపించినదాని ప్రకారం అది నిజానికి కట్ట. ముందు వాళ్ల చేతికి చిక్కింది చెడిపోయిన కాపీ, అందుకే తప్పుగా అర్థమైంది. మనుషులకొచ్చే క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో ఈ పీ53 పాడైపోయి ఉంటుంది. అంటే ఈ ఒక్క గండి పూడ్చే మందు దొరికితే ఎంతమందికి పనికొస్తుందో ఊహించండి.

1996లో హ్యూస్టన్‌లో జ్యాక్ రాత్ అనే సర్జన్, ఆయన బృందం ఆ పని మనుషుల్లో చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండి వేరే వైద్యాలు పనిచేయని తొమ్మిది మందికి, కణితిలోకే నేరుగా పీ53 మోసుకెళ్లే వైరస్‌ని ఇంజెక్ట్ చేశారు. ముగ్గురిలో ఆ కణితి తగ్గింది. ఇంకో ముగ్గురిలో పెరగడం ఆగింది. తొమ్మిది మంది అంటే చాలా చిన్న సంఖ్య. అయినా మొదటి అడుగు అది.

1999లో ఒక విషాదం. ఫిలడెల్ఫియాలో జెస్సీ గెల్‌సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు జీన్ థెరపీ ట్రయల్‌లో చనిపోయాడు. అతనిది క్యాన్సర్ కాదు, పుట్టుకతో వచ్చిన లివర్ జబ్బు. లారీగా వాడిన వైరస్ మీద అతని ఒళ్లు విపరీతంగా తిరగబడింది. ఆ తర్వాత ఈ రంగమంతా చాలా జాగ్రత్తలోకి వెళ్లిపోయింది.

2003 అక్టోబరులో చైనా ప్రభుత్వం జెండిసిన్ అనే మందుకి అనుమతిచ్చింది. పీ53 జన్యువుని అడినోవైరస్‌లో పెట్టి, తల, మెడ క్యాన్సర్లకి రేడియేషన్‌తో పాటు ఇచ్చే ఇంజెక్షన్. ఏ దేశమైనా అమ్మకానికి అనుమతిచ్చిన మొదటి జీన్ థెరపీ అదే. ఇలాంటిదే అమెరికాలో ఇంట్రోజెన్ అనే కంపెనీ అడ్వెక్సిన్ పేరుతో చేసింది. 2008లో అక్కడి ఎఫ్‌డీఏ ఆ దరఖాస్తుని పరిశీలనకే తీసుకోలేదు. ఆ ఏడాది చివర్లోనే కంపెనీ దివాలా తీసింది.

ఎందుకిలా? ఆలోచన తప్పా? ఆలోచన ఒప్పే. కష్టం ఎక్కడంటే లెక్కలో. బుడమేరుకి పడ్డవి మూడు గండ్లు, ఎక్కడ పడ్డాయో కంటికి కనిపిస్తాయి. ఒక చిన్న కణితిలో కోట్ల కణాలుంటాయి, ప్రతి కణంలోనూ గండే. వైరస్ లారీ ప్రతి కణం గుమ్మం దాకా వెళ్లాలి. వెళ్లని కణం మళ్లీ పెరుగుతుంది. సూది గుచ్చిన చోట పనిచేసినా, ఒంట్లో ఇంకెక్కడికో పాకిన కణాలకి అందదు. మన రోగనిరోధక శక్తి ఆ లారీలనే దొంగలనుకుని దారిలో పట్టేస్తుంది. పైగా క్యాన్సర్ ముదిరేసరికి తెగిన కట్ట ఒక్కటే ఉండదు. ఆర్‌బీ విషయానికొస్తే, 1988లో ల్యాబులో పనిచేసిన ఆ ఆలోచన ఈరోజుకీ ఆసుపత్రిలో రాసిచ్చే మందు కాలేదు.

ఇక మన ఊరికి వద్దాం.

విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర బందరు రోడ్డు పట్టుకుని వెళ్తే పటమట, కానూరు దాటాక, పోరంకికి ముందు తాడిగడప వస్తుంది. అక్కడ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి క్యాంపస్ ఉంది, కోడె వెంకటాద్రి చౌదరి పేరు మీద. ఈ సంస్థని 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు ఈ కృష్ణా జిల్లా మనిషే. పుట్టింది చోడవరం. ఎంబీబీఎస్ గుంటూరు మెడికల్ కాలేజీలో. అమెరికాలో స్థిరపడిన ఉద్యోగం వదిలి వెనక్కొచ్చారు. ఆసుపత్రికి పేరు, స్థలం, డబ్బు ఇచ్చింది సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం. ఆయన ఏలూరు దగ్గర సోమవరప్పాడు వాళ్లు.

హైదరాబాద్ క్యాంపస్‌లో ఒక జన్యు పరిశోధన ల్యాబ్ ఉంది. దానికి డాక్టర్ రెడ్డీస్ కంపెనీ స్థాపించిన కల్లం అంజిరెడ్డి గారి పేరు పెట్టారు. ఆయనది తాడేపల్లి, మన ప్రకాశం బ్యారేజీకి అవతలి ఒడ్డు. 2003లో, చైనాలో ఆ పీ53 మందు వచ్చిన ఏడాదే, ఎల్.వి. ప్రసాద్ సంస్థలో చిత్రా కన్నబిరాన్, సంతోష్ హొనావర్, గీతా వేముగంటి తదితరులు మన దేశపు రెటినోబ్లాస్టోమా పిల్లల్లో ఆర్‌బీ జన్యువు ఎక్కడెక్కడ తెగుతోందో వెతికి ఒక పేపర్ వేశారు. అంతకుముందు ఎవరూ చూడని ఎనిమిది మార్పులు అందులో ఉన్నాయి.

2019లో ఆ సంస్థ నుంచే స్వాతి కాలికి, సహచరులు ఇంకో పేపర్ వేశారు. 1,457 మంది పిల్లలు, 2,074 కళ్లు. ఆ రెండు అంకెల్నీ ఒకసారి తీసివేసి చూడండి. 617. అంతమంది పిల్లలకి రెండు కళ్లలోనూ జబ్బు. నడ్సన్ 48 ఫైళ్లతో మొదలుపెట్టిన లెక్క మన దగ్గర వేల కళ్లకి చేరింది.

సరే, మందు రాలేదు కదా, ఈ జన్యువు గురించి తెలిసి ఏం లాభం అని మీరు అడగొచ్చు. నేను ఈ ఎపిసోడ్ చేసింది ఆ ప్రశ్న కోసమే.

మొదటి లాభం, రేడియేషన్ విషయంలో. ఒకప్పుడు కన్ను నిలపడానికి బయటినుంచి రేడియేషన్ ఎక్కువగా ఇచ్చేవాళ్లు. పుట్టుకతో ఒక కట్ట తెగిన పిల్లలకి ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక కట్టే మిగిలి ఉంటుంది. రేడియేషన్ ఆ రెండోదాన్ని కూడా తెంపొచ్చు. అలాంటి పిల్లల్లో కొందరికి తర్వాత ఎముకల్లో, కండరాల్లో వేరే క్యాన్సర్లు వచ్చాయి. ఈ సంగతి అర్థమయ్యాక 1990ల నుంచి డాక్టర్లు కీమో, లేజర్, గడ్డకట్టించే చికిత్సల వైపు మళ్లారు. జన్యువుని బాగుచేయలేకపోయినా, దాన్ని ఇంకా పాడుచేయకుండా ఉండటం నేర్చుకున్నారు.

రెండో లాభం, తోబుట్టువుల విషయంలో. ఇంట్లో ఒక బిడ్డకి ఈ జబ్బు వచ్చి, ఏ చోట గండి పడిందో రక్తపరీక్షలో తెలిస్తే, తర్వాత పుట్టిన బిడ్డకి ఆ ఒక్కచోట చూస్తే సరిపోతుంది. ఆ మార్పు ఉంటే పుట్టిన వారాల నుంచే కళ్లు పరీక్షిస్తూ ఉంటారు, చుక్కంత ఉన్నప్పుడే లేజర్‌తో తీసేస్తారు. లేకపోతే ఆ బిడ్డకి మళ్లీ మళ్లీ మత్తిచ్చి చూసే బాధ తప్పుతుంది.

మూడోది ఇంకా నడుస్తోంది. 2019లో బార్సిలోనాలో ఒక బృందం ఆర్‌బీ దారి తెగిన కణాల్లో మాత్రమే పెరిగేలా తయారైన వైరస్‌ని వాడింది. గండి పూడ్చే ప్రయత్నం కాదిది. గండినే అడ్రస్‌గా పెట్టుకుని క్యాన్సర్ కణం లోపలికి వెళ్లి దాన్ని చంపడం. అప్పటికి ఇద్దరు పిల్లలకే ఇచ్చారు. దాని ఫలితం మీద ఇప్పుడే గట్టిగా ఏదీ అనలేం.

అందుకే ఒక మాట గుర్తుపెట్టుకోండి. జీన్ థెరపీతో క్యాన్సర్ పోతుంది, ఆపరేషన్ వద్దు, కీమో వద్దు అని ఎవరైనా వాట్సాప్‌లో పంపినా, ఫోన్ చేసి డబ్బులు కట్టమన్నా ఒక్క ప్రశ్న అడగండి: ఇది ట్రయల్ అయితే సీటీఆర్ఐలో రిజిస్టర్ అయిందా, నంబర్ ఎంత? సీటీఆర్ఐ అంటే మన దేశంలో జరిగే వైద్య ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. నంబర్ చెప్పలేని వాళ్ల మాట విని నడుస్తున్న వైద్యం ఆపొద్దు.

ఇప్పుడు ఆ ఫోటో దగ్గరకి వద్దాం.

రెటినోబ్లాస్టోమాలో ఎక్కువగా మొదట కనిపించేది కంటిపాపలో తెల్ల మెరుపు. తర్వాతది మెల్లకన్ను. మన ఊళ్లల్లో మెల్ల ఉంటే అదృష్టం అంటారు. తెల్లగా కనిపిస్తే కంట్లో పువ్వేసిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. అమ్మ గమనించి చెప్తే, పెద్దయితే అదే పోతుందిలే అంటారు. ఈ జబ్బులో నెలలు గడిస్తే అది కంటి గోడ దాటుతుంది. డబ్బున్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి 95 మందికి పైగా బతుకుతున్నారు. అక్కడ కూడా జన్యువుని తిరిగి పెట్టే మందు లేదు. అక్కడ ఉన్నది తొందరగా చూపించుకోవడం, మొదలుపెట్టిన వైద్యం మధ్యలో ఆపకపోవడం.

అమెరికాలో బ్రయన్ షా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ కొడుక్కి ఈ జబ్బు వచ్చింది. ఆయన తర్వాత ఇంట్లో పాత ఫోటోలు తిరగేస్తే, డాక్టర్ చెప్పకముందు తీసినవాటిలోనే తెల్ల మెరుపు కనిపించింది. ఆ బాధతో ఫోటోల్లో తెల్ల మెరుపుని వెతికే యాప్ తయారుచేశాడు.

మీకు యాప్ కూడా అక్కర్లేదు. కాస్త వెలుతురు తగ్గిన గదిలో, ఫిల్టర్లు, రెడ్ ఐ తీసేసే సెట్టింగ్ ఆపేసి, బిడ్డ కెమెరా వైపు చూస్తుండగా ఫ్లాష్‌తో రెండు మూడు ఫోటోలు తీయండి. టార్చ్ కళ్లల్లోకి గుచ్చొద్దు. ఒక్క ఫోటోలో తెల్లగా వస్తే కంగారుపడొద్దు. బిడ్డ పక్కకి చూసినప్పుడు మామూలు కంట్లో కూడా అలా రావచ్చు. శుక్లం లాంటి వేరే కారణాలూ ఉంటాయి. కానీ అదే కంట్లో మళ్లీ మళ్లీ తెల్లగా కనిపిస్తే, లేదా కొత్తగా మెల్ల వస్తే, చుక్కలమందు వేసి కంటి వెనకభాగం చూసే డాక్టర్ దగ్గరకి ఆ వారంలోనే తీసుకెళ్లండి. ఫోటో కూడా చూపించండి. ఫోటోలో ఏమీ కనిపించకపోయినా అనుమానం ఉంటే చూపించుకోవడమే మంచిది.

గండి పూడ్చే మందు ఎప్పుడొస్తుందో చెప్పలేను. కట్ట మీద నీళ్లు ఊరుతున్నప్పుడు మొదట చూసి కేకేసే మనిషి మాత్రం ప్రతి ఇంట్లో ఉండొచ్చు. ఈ వారం మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఐదేళ్లలోపు పిల్లలుంటే వాళ్ల ఫోటోలు ఒకసారి తిరగేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.